ర్యూజోకి టవర్ లేదు

ఎడమచెయ్యి థ్రాటిల్ మీద, కుడిచెయ్యి స్టిక్ మీద పెట్టండి. పాదాల కింద రడ్డర్ పెడళ్లున్నాయి. కుడిదాని స్ప్రింగు కాస్త బిగువు, ఖర్మకొద్దీ దాన్నే ఎక్కువ తొక్కాలి. తెర నిండా చెక్కల డెక్కు, దాని అంచు దాటాక సముద్రం. హెడ్‌సెట్‌లో 14 సిలిండర్ల సకాయె ఇంజన్ గుడగుడమంటోంది. తెర మూలన తేదీ 1942 ఏప్రిల్ 6. మీరు ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీదున్నారు. విశాఖపట్నం మీద బాంబులెయ్యడానికి వెళ్లేవాళ్లకి కాపలాగా ఇంకాసేపట్లో ఎగరాలి. కూర్చున్నది మాత్రం విజయనగరంలో, గంటస్తంభానికి కూతవేటు దూరంలో ఒక మేడగదిలో. ఫ్యాను తిరుగుతోందిగానీ గాలి ఎటు పోతోందో తెలీదు.

బ్రేకులు వదలబోతుంటే వెనక నుంచి కేక.

"ఆగండాగండి. మావయ్యా, ర్యూజోకి టవరేటి? ముందది తియ్యి."

మేనల్లుడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మావయ్య జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. గది ఆయనది, కంప్యూటర్ ఆయనది, ఈ మిషన్ కట్టిందీ ఆయనే. మీరు తల కుడివైపుకి తిప్పి చూడండి. డెక్కు పక్కన రెండంతస్తుల మేడంత ఇనుప కట్టడం లేచి ఉంది. నిజం ర్యూజోకి అలాంటిది లేదు. సుమారు 156 మీటర్ల డెక్కు ఈ చివర నుంచి ఆ చివరికి బోడిగా ఉండేది. కెప్టెన్ నిలబడే బ్రిడ్జి డెక్కు ముందంచు కింద, చూరు కింద గదిలాగ దాక్కుని ఉండేది. పాత ఫొటోల్లో ఓడ ముక్కు దగ్గర వరసగా కనిపించే కిటికీలు దానివే.

"ఈ ఆటలో ర్యూజో నేదురా. ఉన్న ఓడకే ఆ పేరెట్టేను."

"పేరెట్టేస్తే అయిపోద్దా? అలాగైతే విక్రాంత్ అని ఎట్టీ, మనకీ గర్వంగా ఉంటాది."

మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. మావయ్యకి ఆయన పెదనాన్న, కుర్రాడికి తాత. నావికాదళంలో విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆట ఆడడు, చూస్తాడు.

టవర్ గొడవ తేలకముందే రెండోది మొదలైంది. మీరు కూర్చున్నది జీరో అనే ఫైటర్ విమానంలో. ఎక్కువ లెక్కల ప్రకారం ఆ ఏప్రిల్‌లో ర్యూజో మీదున్న ఫైటర్లు జీరోలు కావు, అంతకు ముందుతరం ఏ5ఎం4లు. చక్రాలు లోపలికి ముడుచుకోవు, నెత్తి మీద అద్దం మూత ఉండదు, గాలి సూటిగా మొహానికి కొడుతుంది. రెండు 7.7 మి.మీ. మెషిన్‌గన్లే, ఫిరంగి లేదు. ఇక విశాఖ మీదికి బాంబులు మోసుకొచ్చింది నకజిమా బి5ఎన్, మిత్రదేశాలవాళ్లు కేట్ అని పిలిచిన ముగ్గురు మనుషుల విమానం. అందులోనూ రెండు రకాలు. కొన్ని పుస్తకాలు ఒకటో రకం అంటాయి, కొన్ని రెండో రకం అంటాయి. ఇంజన్ వేరు, ముక్కు ఆకారం వేరు, వేగం వేరు.

"మరి జీరో ఎందుకెట్టేవు?"

"నడపడానికి బాగుంటాది కాబట్టి."

ఇంత నిజాయితీగా జవాబు చెప్పే మిషన్ కట్టేవాళ్లు తక్కువ. చాలామంది మసిపూసి మారేడుకాయ చేస్తారు.

బ్రేకులు వదలండి. థ్రాటిల్ ముందుకి. ముక్కు ఎడమకి లాగుతుంది, ప్రొపెల్లర్ సవ్యదిశలో తిరుగుతోంది కాబట్టి అంతే మరి. కుడి పెడల్ తొక్కండి, ఇంకా తొక్కండి. తోక లేచింది. డెక్కు అయిపోయింది. విమానం ఒక్కసారి కిందికి దిగజారి, నీళ్లకి జానెడు ఎత్తులో నిలదొక్కుకుని పైకెక్కుతోంది. ఆ దిగజారుడు కావాలని పెట్టిందే. దాని వెనక ఈ గదిలో నాకు అన్నిటికంటే నచ్చిన వాదన ఉంది.

విమానాల పుస్తకాల్లో ఉండే అంకెలన్నీ ఒక ప్రామాణిక వాతావరణానికి లెక్కగట్టినవి: సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు. ఆటలు కూడా చాలావరకు అక్కడి నుంచే మొదలుపెడతాయి. మన తీరంలో ఏప్రిల్ పొద్దున 15 డిగ్రీలు ఎవరైనా చూశారా? పుష్యమాసంలో తెల్లారగట్ల, అదీ పార్వతీపురం వైపు కొండల్లో అయితే చూసుంటారు. మావయ్య 28 పెట్టాడు. గాలి సుమారు 4 శాతం పలచబడుతుంది. రెక్కలకి ఆ మేరకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ పీల్చే గాలీ తగ్గుతుంది, అదే డెక్కు పొట్టిదైపోతుంది. బోల్టుల లెక్క మీద తలలు బాదుకునేవాళ్లలో ఎంతమంది ఉష్ణోగ్రత మార్చి చూస్తారో గానీ, నా మట్టుకు టవర్ కంటే ఇదే పెద్ద తప్పు. టవర్ ఓ పక్కన పడుంటుంది. గాలి తప్పైతే ప్రయాణమంతా తప్పే.

పడమటికి తిరగండి. పొగమంచులోంచి ముందు కొండ కనబడుతుంది, తర్వాత ఊరు. ఆ కొండే డాల్ఫిన్స్ నోస్. మీరు పుట్టి పెరిగింది ఈ చుట్టుపక్కలే అయితే కడుపులో ఏదో కదులుతుంది. ఎంత ఆటైనా, తుపాకీ గుర్తు మన కొండ మీదికి జరగడం ఇబ్బందిగానే ఉంటుంది.

"లైట్‌హౌస్!" అన్నాడు కుర్రాడు. ఈసారి గొంతులో విజయం. నోస్ మీదున్న దీపస్తంభం వెలిగింది 1957లో. 1942లో అక్కడ ఉండకూడదు. మావయ్య నాలిక్కరుచుకుని రాసుకున్నాడు. రిఫైనరీ ట్యాంకులు ముందే తీసేశాడు, అవీ 1957వే. స్టీలుప్లాంటు చిమ్నీలు ఎటూ లేవు. బీచ్‌లో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి లేదు. రేవు మాత్రం ఉంది. 1933లో మొదలైన ఇన్నర్ హార్బర్, మాంగనీసు ఖనిజం ఎగుమతి కోసం తవ్వింది. సింధియావాళ్ల షిప్‌యార్డుకి 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన మొదటి ఓడ జలఉష నీళ్లలోకి దిగింది 1948లో. ఆ లెక్కన ఈ రోజున మీకు కింద కనిపించాల్సింది సగం కట్టిన యార్డు. ఎంత సగం? క్రేన్లు లేచాయా? ఎవరి దగ్గరా పైనుంచి తీసిన ఫొటో లేదు. మావయ్య రెండు క్రేన్లు నిలబెట్టాడు. కుర్రాడు ఒకటి చాలంటాడు. ఇద్దరికీ ఆధారం లేదు, అందుకే ఆ వాదన ఎప్పటికీ చల్లారదు.

ఆ రోజు ర్యూజో విమానాలు కాకినాడ మీద కూడా బాంబులేశాయి. ర్యూజో ఉన్న ఒజావా దళం బంగాళాఖాతంలో 20 దాకా వర్తక నౌకల్ని ముంచింది. ముందురోజు ఈస్టర్ ఆదివారం, జపాన్‌దే ఇంకో దళం, నగుమోది, కొలంబో మీద పడింది. మన ఊళ్లో ముసలమ్మలు "జపానోడి బాంబు" అని ఇంకా చెప్పుకునేది ఈ సోమవారం గురించే. పేలని బాంబొకటి విశాఖ బీచ్‌రోడ్డులో మ్యూజియంలో పెట్టారు. వెళ్తే చూడండి, ఇనుప గుమ్మడికాయలా నోరుమూసుకుని ఉంటుంది.

ఎదురుగా ఎవరూ రావడం లేదేమని మీకు అనుమానం రావాలి. రారు. విశాఖని కాయడానికి ఉన్నది కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్ ఒక్కటి, వాపిటీల్లాంటి పాత రెండు రెక్కల విమానాలతో. ఆ సంగతి చివర్లో.

ఇప్పుడు ఉత్తరానికి. తీరం ఎడమ రెక్క కింద ఉండేలా చూసుకోండి. రెండో తెర మీద కుర్రాడు ఇంకో సిమ్యులేటర్ తెరిచాడు. భూగోళం మొత్తాన్నీ ఉపగ్రహ చిత్రాలతో కట్టిన మామూలు విమానాల ఆట అది. రెండు తెరల్లోనూ ఒకే తీరం, మధ్యలో ఎనభై ఏళ్ల పైచిలుకు తేడా. భీమిలి దగ్గర గోస్తని. రెండింటిలోనూ ఉంది. ఇంకాస్త పైకొస్తే ఉపగ్రహం తెర మీద ఎర్రమట్టి మధ్య పొడుగాటి బూడిదరంగు గీత. భోగాపురం విమానాశ్రయం, 2023 మేలో శంకుస్థాపన చేసింది. మావయ్య తెర మీద అక్కడ తాటిచెట్లు, ఇసుక.

చిత్రమేమిటంటే దేశానికి విమానయాన మంత్రుల్ని ఈ మూల రెండుసార్లు ఇచ్చింది. 2014 నుంచి 2018 దాకా విజయనగరం అశోక్ గజపతిరాజు, 2024 నుంచి శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. ఆటలు కట్టేవాళ్ల మ్యాపుల్లో మాత్రం ఇదంతా పచ్చరంగు పూసిన ఖాళీ నేల. యుద్ధవిమానాల ఆటల్లో నార్మండీ ఉంటుంది, స్టాలిన్‌గ్రాడ్ ఉంటుంది, పసిఫిక్‌లో ఎవరూ పేరు వినని దీవులుంటాయి. కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసే చోటుండదు.

మావయ్య ఆ ఖాళీని చేత్తో నింపుతున్నాడు. 1950ల్లో అమెరికా సైన్యం అచ్చేసిన మ్యాపుల్ని పక్కన పెట్టుకుని, నదుల్ని ఒక్కొక్కటే గీస్తాడు. చింతపల్లి దీపస్తంభం దాటండి. నాగావళి మొగ కళ్లేపల్లి దగ్గర, వంశధార మొగ కళింగపట్నం దగ్గర. కుడివైపు నీళ్ల రంగు మారడం గమనించారా, మట్టి నీళ్లు కలిసే చోట గోధుమరంగు తెర? ఏప్రిల్‌లో అంత మట్టి రాదని తాతగారి అభ్యంతరం. నదులు ఎండి, మొగల్ని ఇసుకతిన్నెలు మూసేసే కాలం. ఆయనది కళింగపట్నం దగ్గర పల్లె, కాదనడానికి ఎవరికి ధైర్యం? మావయ్య రంగు తగ్గించాడు.

లోపలికి తిరగండి. విజయనగరం దగ్గర బెంగాల్-నాగపూర్ రైలుదారి రెండుగా చీలుతుంది. ఒకటి శ్రీకాకుళం రోడ్డు మీదుగా కలకత్తా వైపు, ఒకటి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయపూర్‌కి. దారి తప్పిన పైలట్‌కి పట్టాల కంటే నమ్మకమైన మ్యాపు లేదు. బొబ్బిలి దగ్గర బాడంగి. అక్కడ యుద్ధకాలపు రన్‌వే ఉందని ఈ జిల్లాలో అందరికీ తెలుసు.

"అప్పటికేసేరా?" అన్నాడు కుర్రాడు.

"యుద్ధంలో ఏసిందే కదరా."

"యుద్ధం 45 దాకా ఉంది. ఏప్రిల్ 42కి ఉన్నట్టు కాగితం చూపించు."

కాగితం లేదు. రన్‌వే పోయింది. మీ కళ్ల ముందే, మూడు క్లిక్కుల్లో, బాడంగి మళ్లీ చేలయింది. నాకు మాత్రం మనసొప్పలేదు. కుర్రాడిది న్యాయమే. కానీ ఆధారం లేదని తీసేస్తూ పోతే ఈ తీరంలో మిగిలేవి కొండలూ నదులే.

ఇక విమానాన్నే పరీక్షిద్దాం. ఎత్తు 4,000 మీటర్లు. ముక్కు దించి డైవ్ చెయ్యండి. వేగం గంటకు 400 కి.మీ. దాటింది, 450, 480. ఇప్పుడు స్టిక్ పక్కకి తోసి విమానాన్ని దొర్లించి చూడండి. దొర్లదు. సిమెంటులో పాతినట్టుంటుంది. గాలి ఒత్తిడికి రెక్కల చివర్లలోని ఐలరాన్లు బిగుసుకుపోయాయి. కుడికంటే ఎడమకి కాస్త నయం. నెమ్మదించండి. ఇప్పుడు స్టిక్ ఒక్కసారి ముందుకి తొయ్యండి, కూర్చున్న సీటులోంచి లేచిపోతున్నట్టుగా. ఇంజన్ దగ్గింది, ఒక క్షణం నోరు మూసింది, మళ్లీ అందుకుంది. కార్బురేటర్‌లో తేలే ఫ్లోట్ తలకిందులైంది, పెట్రోలు అందలేదు.

"ఇది ఎక్కడిది? ఏ పుస్తకంలోది?" కుర్రాడికి కాగితం పిచ్చి అని మీకు ఈపాటికి తెలిసింది కదా.

ఇది పుస్తకంలోంచి కాదు, ఒక బురదనేలలోంచి వచ్చింది. 1942 జూన్ 4న అలాస్కా దగ్గర డచ్ హార్బర్ మీద దాడికెళ్లిన ఒక జీరోకి నూనెగొట్టం తెగింది. పైలట్ తదయోషి కోగా అకుటాన్ దీవిలో పచ్చగా చదునుగా కనిపించిన చోట చక్రాలు దించి దిగాడు. అది బురద. విమానం తిరగబడింది, అతను అక్కడికక్కడే చనిపోయాడు. జూలైలో అమెరికన్లు దాన్ని కనుక్కుని శాన్ డియాగోకి మోసుకెళ్లి, బాగుచేసి, సెప్టెంబరు 20న ఎగరేశారు. ఐలరాన్ల బిగుతూ, ఎడమ మొగ్గూ, ఇంజన్ దగ్గూ ఆ పరీక్షల్లో రాసినవే. ఆ తర్వాత ప్రపంచంలో ఎవరు జీరో ఆట కట్టినా ఆ నివేదిక చూడకుండా కట్టడం కష్టం.

మావయ్య ఇక్కడ కాస్త ఆగి, మీ భుజం మీద చెయ్యి వేస్తాడు. "కోగా ఏ ఓడ మీంచి లేచేడో తెలుసాండీ? ర్యూజో మీంచే."

రెండు నెలలు కూడా కాలేదు. విశాఖ మీదికి కేట్లని పంపిన డెక్కే అలాస్కా పక్కన అలూషియన్ దీవులకి వెళ్లేసరికి జీరోలతో ఉంది, వాటిలో ఒకటి శత్రువు చేతికి చిక్కింది. ర్యూజో ఆ ఆగస్టు 24న తూర్పు సోలమన్ దీవుల యుద్ధంలో మునిగిపోయింది. మీ చేతిలో స్టిక్ ఇప్పుడు బిగుసుకోవడం దాని చలవే.

కుర్రాడు ఊరుకుంటాడా? "తిరగబడి, నెలరోజులు బురదలో నానిన విమానం. రిపేరు చేసి ఎగరేసేరు. కొత్త జీరో అలాగే ఉంటాదని ఏటి నమ్మకం?"

వాడి ప్రశ్న కొట్టిపారెయ్యదగ్గది కాదు. పట్టుబడిన విమానాల అంకెలతో వచ్చే చిక్కే ఇది. యుద్ధం చివర్లో వచ్చిన జపాన్ ఫైటర్ కి-84కి జపాన్ లెక్కల్లో గరిష్ఠ వేగం గంటకు 630 కి.మీ. దరిదాపు. అమెరికన్ కాగితాల్లో 687. మేలురకం పెట్రోలు పోసినందుకా, బరువు తగ్గినందుకా, అసలు అది కొలిచిన అంకేనా లేక అంచనానా అని జనం ఇప్పటికీ జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. ఎవడి జట్టు విమానానికి వాడికి పెద్ద అంకే నిజం. ఆటలో ఓడిపోయిన ప్రతివాడికీ విమానం తప్పుగా కట్టారనే అనిపిస్తుంది. ఇది నేను కళ్లారా చూసిన సత్యం.

జర్మన్ ఎఫ్‌డబ్ల్యూ-190 కథ ఇంకా ముచ్చట. ఐఎల్-2 అనే పాత రష్యన్ ఆటలో దాని గురిచూసే అద్దం కిందిభాగానికి అడ్డంగా లావుపాటి చట్రం కనబడేది. గురి సగం మింగేసేది. కొలతల ప్రకారం చట్రం సరైనదే. కానీ నిజం విమానంలో దాని ముందు మందపాటి తూటానిరోధక అద్దం ఉంటుంది, ఏటవాలుగా. వెలుగు అందులో వంగి, చట్రం పైలట్ కంటికి సన్నగా కనిపించేది. బొమ్మ గీసినవాళ్లు లోహాన్ని కొలిచారు, వెలుగుని కొలవలేదు. దీని మీద ఏళ్ల తరబడి దెబ్బలాట.

అమెరికన్ విమానాల జోలికెళితే ఆ ఆటకి లాయర్ల తలనొప్పి, గ్రమ్మన్ పేర్లు మావే అని ఆ కంపెనీ అనడంతో. నేటి విమానాలైతే అసలు ప్రమాదం. డీసీఎస్ అనే సిమ్యులేటర్ కట్టే సంస్థలో పనిచేసిన ఒక రష్యన్ ఎఫ్-16 మాన్యువళ్లు అమెరికా నుంచి తెప్పించుకోబోయి కేసులో ఇరుక్కున్నాడు. 2019లో అతన్ని జార్జియా దేశం నుంచి యూటాకి తీసుకెళ్లి విచారించారు. వార్ థండర్ ఆటగాళ్లు 2021 నుంచి వాదనలో గెలవడానికి సైన్యాల రహస్య కాగితాలు బయటపెట్టిన సందర్భాలు ఒకటి రెండు కావు. వాదన గెలవడం కోసం జైలుకి సిద్ధపడే మనుషులు ఉంటారని సైన్యాలు ఊహించి ఉండవు.

"మీరేటంటారు తాతా? మీరు నిజం విమానాలు చూసేరు కదా," అన్నాడు కుర్రాడు.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సూదులు కదలట్లేదురా. అదొక్కటే నాకు బాధ. ఇంజన్ నడుస్తుంటే ఏ సూదీ అలా రాయిలాగ నిలబడదు. వణుకుతాది. ఒకే రకం విమానాలు నాలుగుంటే నాలుగూ నాలుగు రకాలుగా వణుకుతాయి. మేం సూది చూసి కాదు, వణుకు చూసి జబ్బు చెప్పేవాళ్లం. మీరేమో అన్నీ ఫ్యాక్టరీలోంచి ఇప్పుడే దింపినట్టు కడతారు. ఆరు నెలలు ఉప్పుగాలిలో నిలబడ్డ విమానం పుస్తకంలో అంకె ఎలా అందుకుంటాదిరా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కరెంటు ఒకసారి ఆరి వచ్చింది, యూపీఎస్ కీచుమంది, మీ జీరో బతికిపోయింది.

మావయ్య సెట్టింగుల్లోకి వెళ్లి, ఇంజన్ శక్తిని ఒకటి రెండు శాతం తగ్గించి, సూదులకి చిన్న కదలిక పెట్టాడు. మళ్లీ ఎగిరి చూడండి. తేడా చాలా తక్కువ. కానీ ఇందాకటిలా పరధ్యానంగా కూర్చోలేరు. ఆయిల్ ఒత్తిడి సూది మీదికి మీ చూపు దానంతటదే పోతోంది.

ఇక వాపిటీ. 1920ల నాటి రూపకల్పన, గుడ్డ కప్పిన రెక్కలు. 1933లో భారత వాయుసేన మొదటి స్క్వాడ్రన్ కరాచీలో మొదలైనప్పుడు ఉన్నవి ఇవే, నాలుగు. తొమ్మిదేళ్ల తర్వాత విమానవాహక నౌకలకి ఎదురుగా మన తీరాన్ని కాయడానికీ ఇలాంటివే. వీటిని ఏ యుద్ధపు ఆటవాళ్లూ తీరిక చేసుకుని సరిగ్గా కట్టిన పాపాన పోలేదు. ఎవరు కొంటారు, గెలవడానికి పనికిరాని విమానం? ఇందులో వాదించుకోవడానికైనా జపాన్ అంకెలూ అమెరికన్ అంకెలూ రెండు లేవు.

మావయ్యకి ఇప్పుడు అదే పట్టుకుంది. పూర్తిగా మిగిలిన వాపిటీ ప్రపంచంలో ఒక్కటే, ఢిల్లీ పాలం వాయుసేన మ్యూజియంలో.

"ఎల్లి కొలిచేసొద్దాం," అన్నాడు.

"తాడు దాటనిస్తారేటి? దూరంనుంచి ఫొటోలు తీసుకోడమే," అన్నాడు కుర్రాడు.

"ఫొటోల్లోంచి కొలవొచ్చు. పక్కన మనిషి నిలబడితే చాలు, ఎత్తు తెలిసినోడు."

"నీ ఎత్తెంత?"

"అయిదడుగుల ఏడు."

"ఆరున్నరే," అన్నాడు తాత. "నేను కొలిచేను, నీ పెళ్లప్పుడు."